కాలేయ క్యాన్సర్‌ను తొలిదశలో పసిగట్టే జన్యు సూచికలు: విశాఖవాసుల తరచు ప్రశ్నలు, జవాబులు

హెపటైటిస్ బి (వైరస్ వల్ల వచ్చే కాలేయ వాపు), సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు), ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు చేరడం) ఉన్నవారూ, వారిని చూసుకుంటున్న కుటుంబ సభ్యులూ కాలేయ క్యాన్సర్ జన్యు పరీక్షల గురించి వేసే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఇవి డాక్టరుగారి సలహాకు ప్రత్యామ్నాయం కావు. ఆయన ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో, రిపోర్టులో ఏమి చూడాలో తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో దాదాపు 75 నుంచి 85 శాతం హెపటోసెల్యులర్ కార్సినోమా అనే రకానికి చెందినవి కాబట్టి, ఇక్కడ కాలేయ క్యాన్సర్ అన్నప్పుడల్లా ఆ రకాన్నే ఉద్దేశించాము. పెద్దపేగు నుంచో, రొమ్ము నుంచో కాలేయానికి పాకిన క్యాన్సర్ల సంగతి పూర్తిగా వేరు.

జన్యు సూచికలు అంటే ఏమిటి? అవన్నీ ఒకే రకమా?

కావు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఎక్కువ గందరగోళం కలుగుతోంది కాబట్టి ముందుగా దీన్ని స్పష్టం చేసుకోవాలి. మొదటి రకం సూచికలు పుట్టుకతో వచ్చేవి. అవి తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తాయి, శరీరంలోని కణాలన్నింటిలోనూ ఉంటాయి, జీవితాంతం మారవు. ఒక వ్యక్తికి కాలేయ జబ్బు ముదిరే అవకాశం ఇతరులకంటే ఎక్కువా, తక్కువా అన్నది మాత్రమే అవి చెప్పగలవు. ఈరోజు ఆ వ్యక్తి కాలేయంలో కణితి ఉన్నదో లేదో చెప్పలేవు. రెండో రకం సూచికలు కణితిలోనే పుడతాయి. ఏళ్ల తరబడి వాపుకు గురైన కాలేయంలో ఏదో ఒక కణం డీఎన్‌ఏలో మార్పులు పోగుపడి, ఆ కణం అదుపు తప్పి పెరిగినప్పుడు, ఆ మార్పులు ఆ కణితికే పరిమితమై ఉంటాయి. అవి పిల్లలకు సంక్రమించవు. తొలిదశలో పసిగట్టడానికి పరిశోధకులు ప్రధానంగా ఆధారపడుతున్నది ఈ రెండో రకం మీదనే. పరీక్షకు డబ్బు కట్టే ముందు “ఇది పుట్టుకతో వచ్చే జన్యువుల పరీక్షా, కణితి ఆనవాళ్ల పరీక్షా” అని అడిగితే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

తొలిదశలో గుర్తిస్తే నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది, చాలా ఉంటుంది. ప్రపంచంలో క్యాన్సర్ మరణాల కారణాల్లో కాలేయ క్యాన్సర్ మూడో స్థానంలో ఉంది. 2022లో సుమారు 8 లక్షల 66 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడగా, సుమారు 7 లక్షల 58 వేల మంది దీనివల్ల మరణించారు. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండటానికి ముఖ్య కారణం చాలామందిలో జబ్బు ముదిరిన తర్వాతే బయటపడటం. కాలేయం లోపలి భాగంలో నొప్పి తెలియదు. పొట్ట ఉబ్బి, కామెర్లు వచ్చి, బరువు తగ్గి ఆసుపత్రికి వచ్చేసరికి గడ్డ పెద్దదై రక్తనాళాల్లోకి పాకి ఉంటుంది. అదే గడ్డ రెండు మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు దొరికితే కోసి తీసేయడం, సూది ద్వారా వేడి పంపి మాడ్చివేయడం, కాలేయ మార్పిడి వంటి పూర్తిగా నయం చేసే మార్గాలు అందుబాటులో ఉంటాయి. ఒకే గడ్డ ఉంటే 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడుకు మించకుండా ఉన్న గడ్డల్లో ప్రతిదీ 3 సెంటీమీటర్ల లోపు ఉన్నవారికి కాలేయ మార్పిడి చేస్తే మంచి ఫలితాలు వస్తాయని 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు చూపించారు. మార్పిడికి ఎవరు అర్హులో తేల్చడానికి నేటికీ ఆ కొలతలే ప్రాతిపదికగా ఉన్నాయి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పరీక్షలు ఏవి? వాటితో సరిపోదా?

ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఆరు నెలలకొకసారి పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్, దానితోపాటు ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష చేస్తారు. ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రొటీన్. గర్భంలోని శిశువు కాలేయం తయారుచేసే ఈ మాంసకృత్తు పుట్టిన తర్వాత దాదాపు కనుమరుగై, కాలేయ క్యాన్సర్ వచ్చిన కొందరిలో మళ్లీ పెరుగుతుందని 1960ల్లో సోవియట్ శాస్త్రవేత్తలు అబెలెవ్, టాటారినోవ్ గుర్తించారు. ఆరు నెలల గడువు వెనుక కూడా ఒక లెక్క ఉంది: ఈ కణితి పరిమాణం రెట్టింపు కావడానికి సగటున నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఈ పద్ధతి ప్రాణాలు కాపాడగలదనడానికి ఆధారం ఉంది. షాంఘైలో హెపటైటిస్ బి ఉన్న సుమారు 18,800 మందితో జరిపిన అధ్యయనంలో, ఆరు నెలలకొకసారి ఈ రెండు పరీక్షలూ చేసిన వర్గంలో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయని 2004లో ప్రచురించారు. అయితే లోపాలు కూడా చిన్నవి కావు. సిర్రోసిస్ ఉన్నవారిలో తొలిదశ కణితిని అల్ట్రాసౌండ్ ఒక్కటే సుమారు 45 శాతం మందిలో, ఏఎఫ్‌పీ కూడా తోడైతే సుమారు 63 శాతం మందిలో మాత్రమే పట్టుకోగలదని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. స్థూలకాయం ఉన్నా, కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నా స్కానింగులో లోతుగా ఉన్న భాగం మసకగా కనిపిస్తుంది. ఏఎఫ్‌పీ సంగతి చూస్తే, కొన్ని కణితులు దాన్ని తయారుచేయనే చేయవు. మరోవైపు హెపటైటిస్ ఉద్ధృతమైనా, గర్భం దాల్చినా క్యాన్సర్ లేకుండానే అది పెరుగుతుంది. జన్యు సూచికల కోసం వెతుకులాట మొదలైంది ఈ ఖాళీని పూరించడానికే.

కాలేయంలోని కణితి ఆనవాలు చేతి నుంచి తీసిన రక్తంలో ఎలా దొరుకుతుంది?

కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలై రక్తంలో కలుస్తుంది. ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఇటువంటి ముక్కలు తేలుతూ ఉంటాయని 1948లోనే ఫ్రాన్సుకు చెందిన మాండెల్, మెటె అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఒక్కో ముక్క పొడవు సాధారణంగా 166 అక్షరాల (డీఎన్‌ఏలో వరుసగా ఉండే రసాయన భాగాలను అక్షరాలు అంటారు) దరిదాపుల్లో ఉంటుంది. కణితి నుంచి వచ్చినవి తరచుగా ఇంకొంచెం పొట్టిగా ఉంటాయి. ఈ పొడవుల తీరును బట్టే క్యాన్సర్‌ను పసిగట్టే పద్ధతులు కూడా వస్తున్నాయి.

అసలు కష్టం పరిమాణంలో ఉంది. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ప్లాస్మా (రక్తకణాలను వేరుచేశాక మిగిలే ద్రవం) సుమారు 4 మిల్లీలీటర్లు వస్తుంది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల డీఎన్‌ఏ ఉందనుకుంటే మొత్తం 20 నానోగ్రాములు. ఒక్కో నానోగ్రాములో మనిషి జన్యుసమితి (ఒక పూర్తి డీఎన్‌ఏ సమితి) ప్రతులు 300 వరకు ఉంటాయి కాబట్టి గొట్టం మొత్తంలో ఏ జన్యువుకైనా సుమారు 6,000 ప్రతులే ఉంటాయి. చిన్న కణితి నుంచి వచ్చే వాటా పదివేలకు ఒకటి అనుకుంటే, వెతుకుతున్న ఆ ఒక్క ముక్క ఆ గొట్టంలో అసలు లేకపోవచ్చు. యంత్రం ఎంత ఖరీదైనదైనా గొట్టంలో లేనిదాన్ని చూపించలేదు. ఒక్క మార్పు కోసం కాక ఒకేసారి అనేక చోట్ల వెతికే పరీక్షలు రూపొందించడానికి కారణం ఇదే. పైగా సిర్రోసిస్ ఉన్నవారిలో మామూలు కాలేయ కణాలు కూడా నిత్యం చనిపోతూ తమ డీఎన్‌ఏను రక్తంలోకి వదులుతుంటాయి. ఆ రద్దీలో కణితి ముక్కను వేరుచేయడం మరింత కష్టం.

ఏయే జన్యువుల్లో మార్పుల కోసం వెతుకుతారు?

ముందుగా చెప్పుకోవలసింది టెర్ట్ జన్యువు. కణం విభజన చెందిన ప్రతిసారీ క్రోమోజోముల కొసలు కొద్దికొద్దిగా అరిగిపోతాయి, ఒక హద్దు దాటాక ఆ కణం విభజన ఆపేస్తుంది. ఆ కొసలను తిరిగి నిర్మించే ఎంజైములో కీలక భాగాన్ని టెర్ట్ జన్యువు తయారుచేస్తుంది. పెద్దవారి కాలేయ కణాల్లో ఈ జన్యువు దాదాపుగా పనిచేయకుండా ఉంటుంది. జన్యువు మొదలయ్యే చోటికి 124 అక్షరాల ముందు ‘సీ’ ఉండవలసిన చోట ‘టీ’ వస్తే ఆ జన్యువు మళ్లీ మేలుకుని, కణానికి ఆగని విభజన శక్తినిస్తుంది. కాలేయ క్యాన్సర్లలో దాదాపు 60 శాతం వరకు ఈ ప్రాంతంలో మార్పు కనిపిస్తుంది. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సిర్రోసిస్ కాలేయంలో క్యాన్సర్‌గా మారే దారిలో ఉన్న గడ్డల్లో కూడా కొన్నింటిలో ఇది అప్పటికే చోటుచేసుకుని ఉంటుంది. అంటే క్యాన్సర్ ప్రయాణంలో ఇది తొలి అడుగుల్లో ఒకటి. తొలిదశ సూచికగా దీనికి ఇంత ప్రాధాన్యం దక్కడం సమంజసమేనని నా అభిప్రాయం. హెపటైటిస్ బి వైరస్ కొందరిలో తన డీఎన్‌ఏను నేరుగా ఈ టెర్ట్ జన్యువు పక్కనే చొప్పించి అదే ఫలితాన్ని మరో దారిలో సాధిస్తుంది.

దాని తర్వాత టీపీ53, సీటీఎన్ఎన్‌బీ1 అనే జన్యువులు వస్తాయి. ఒక్కొక్కటీ సుమారు మూడోవంతు కణితుల్లో మార్పు చెంది ఉంటుంది. అయితే టీపీ53 మార్పు రక్తంలో కనిపించినంత మాత్రాన అది కాలేయం నుంచే వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. వయసు పైబడిన వారి తెల్ల రక్తకణాల్లో కూడా ఇలాంటి మార్పులు క్యాన్సర్ లేకుండానే వస్తాయి. అందువల్ల మంచి ల్యాబులు ప్లాస్మాతోపాటు అదే మనిషి తెల్లకణాలను కూడా పరీక్షించి, రెండింటిలోనూ ఉన్న మార్పులను పక్కన పెడతాయి. రిపోర్టులో ఈ పోలిక చేశారో లేదో అడగడం రోగి హక్కు.

వేరుశనగకు పట్టే బూజుకూ, ఈ జన్యు మార్పులకూ సంబంధం ఉందని విన్నాము. నిజమేనా?

నిజమే. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వేరుశనగ, మొక్కజొన్న వంటి పంటల మీద పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఈ విషం కాలేయంలో మార్పు చెంది డీఎన్‌ఏకు అతుక్కుని, టీపీ53 జన్యువులో 249వ స్థానం దగ్గర ఒక అక్షరాన్ని మారుస్తుంది. చైనాలోని చిడాంగ్ ప్రాంతంలోనూ, ఆఫ్రికా దక్షిణ భాగంలోనూ కాలేయ క్యాన్సర్ రోగుల కణితుల్లో సరిగ్గా ఇదే మార్పు పదేపదే కనిపించిందని 1991లో రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. ఒక విషపదార్థం డీఎన్‌ఏ మీద ఇంత ఖచ్చితమైన ముద్ర వేసిన ఉదాహరణలు చాలా తక్కువ. ఆ తర్వాత ఇదే మార్పును గాంబియా, చైనా రోగుల రక్తంలోనూ గుర్తించారు.

షాంఘైలో జరిగిన మరో అధ్యయనంలో, అఫ్లాటాక్సిన్ ప్రభావం మాత్రమే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు మూడు రెట్లకు పైగా, హెపటైటిస్ బి మాత్రమే ఉన్నవారికి ఏడు రెట్లకు పైగా ఉండగా, రెండూ కలిసినవారికి దాదాపు 60 రెట్లు ఉంది. ఈ సంఖ్యలు మన జిల్లాలవి కావు, ఇక్కడికి అలాగే వర్తింపజేయకూడదు. కానీ ఉత్తరాంధ్రలో కోతల వేళ తుపాను పట్టి, పీకిన వేరుశనగ కాయలు చేల గట్ల మీదనే నాని, సరిగా ఆరకుండానే బస్తాల్లోకి చేరడం అందరూ చూసినదే. హెపటైటిస్ బి ఉన్న ఇంట్లో ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న, బూజు వాసన వేసే గింజలను ఏరి పారేయాలి. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదు.

మిథైలేషన్ పరీక్ష అంటే ఏమిటి?

డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే, వాటి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు చేరితే ఆ జన్యువు పని ఆగిపోవచ్చు. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువులను కణితి కణాలు ఈ విధంగా నోరు నొక్కేస్తాయి. దీనివల్ల గుర్తింపు విషయంలో రెండు లాభాలు ఉన్నాయి. అక్షరాల మార్పులు ఒక్కో రోగిలో ఒక్కో చోట ఉంటే, మిథైల్ గుర్తులు చాలామంది రోగుల్లో ఒకే చోట్ల కనిపిస్తాయి. రెండోది, ఈ గుర్తుల అమరిక అవయవాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ ముక్క కాలేయం నుంచి వచ్చిందా, మరో చోటి నుంచి వచ్చిందా అన్నది కూడా ఊహించవచ్చు. సెప్టిన్9, ఆర్‌ఏఎస్ఎస్ఎఫ్1ఏ, హోక్స్ఏ1 వంటి జన్యువులను ఇందుకోసం విస్తృతంగా పరిశీలించారు. ఇప్పుడు వస్తున్న చాలా పరీక్షలు ఇలాంటి అనేక స్థానాలను ఏఎఫ్‌పీ వంటి మాంసకృత్తులతోనూ, వయసు, స్త్రీపురుష భేదాలతోనూ కలిపి ఒకే స్కోరుగా ఇస్తున్నాయి. అన్ని మార్గాల్లోనూ నాకు ఎక్కువ ఆశ కల్పిస్తున్నది ఈ మిశ్రమ పద్ధతే.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్షల సంగతి?

ఇవి జన్యువుల పనిని నియంత్రించే అతి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. కాలేయంలో అత్యధికంగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 122 రక్తంలో పెరిగితే కాలేయ కణాలు దెబ్బతింటున్నాయని అర్థం; అది హెపటైటిస్ వల్ల కావచ్చు, మందుల వల్ల కావచ్చు, క్యాన్సర్ వల్ల కావచ్చు. అందుచేత ఏదో ఒక్కదాన్ని కొలిచి క్యాన్సర్ అని తేల్చడం సాధ్యం కాదు.

మా నాన్నగారికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అందరమూ జన్యు పరీక్ష చేయించుకోవాలా?

ముందుగా చేయించుకోవలసింది జన్యు పరీక్ష కాదు, హెపటైటిస్ బి, సి రక్త పరీక్షలు. రొమ్ము క్యాన్సర్‌లో కొన్ని కుటుంబాల్లో ఉన్నట్టుగా ఒకే ఒక జన్యువు ద్వారా తరతరాలకు సంక్రమించడం కాలేయ క్యాన్సర్‌లో అరుదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చినప్పుడు చాలాసార్లు అసలు కారణం తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డలకు చేరిన హెపటైటిస్ బి వైరస్. పుట్టినప్పుడు సోకితే దాదాపు 90 శాతం మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది; పెద్దయ్యాక సోకినవారిలో 5 శాతం లోపు మందిలోనే అలా నిలుస్తుంది. కాబట్టి నాన్నగారికి హెపటైటిస్ బి ఉండి ఉంటే నాయనమ్మ సంతానమైన బాబాయిలు, మేనత్తలు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఈ మాట కుటుంబంలో ఎత్తడం కష్టమే, పెళ్లి సంబంధాల భయంతో చాలామంది దాచిపెడతారు. కానీ దాచినందువల్ల వైరస్ ఆగదు, చికిత్స మాత్రం ఆలస్యమవుతుంది.

హెపటైటిస్ బి ఉన్నవారికి తోడు తల్లిదండ్రుల్లోనో, తోబుట్టువుల్లోనో ఒకరికి కాలేయ క్యాన్సర్ వచ్చి ఉంటే, సిర్రోసిస్ లేకపోయినా ఆరు నెలలకొకసారి పరీక్షలు మొదలుపెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుట్టుకతో వచ్చే విల్సన్ జబ్బు, ఆల్ఫా 1 యాంటీ ట్రిప్సిన్ లోపం, టైరొసినీమియా వంటి అరుదైన జబ్బుల అనుమానం ఉన్నప్పుడు మాత్రం జన్యు పరీక్ష అవసరం కావచ్చు. అలాంటప్పుడు జన్యు సలహాదారుతో మాట్లాడిన తర్వాతే నమూనా ఇవ్వడం మంచిది.

పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువు గురించి ఆరోగ్య తనిఖీ ప్యాకేజీ రిపోర్టులో రాశారు. భయపడాలా?

భయపడనవసరం లేదు. ఈ జన్యువులోని ఒక రూపాంతరం ఉన్నవారి కాలేయంలో కొవ్వు ఎక్కువగా చేరుతుందని 2008లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు చూపించారు. ఇది భారతీయుల్లో అరుదైనదేమీ కాదు. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఈ రూపాంతరం ఒక్కో ప్రతికి (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావచ్చు) క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి, కానీ మొదటే చాలా తక్కువగా ఉన్న ముప్పు రెట్టింపైనా తక్కువగానే ఉంటుంది. టీఎం6ఎస్ఎఫ్2 కూడా ఇటువంటిదే. హెచ్ఎస్‌డీ17బీ13 జన్యువులోని ఒక రూపాంతరం ఇందుకు విరుద్ధంగా కాలేయానికి రక్షణ ఇస్తుంది. రిపోర్టులో ఈ పేర్లు కనిపిస్తే, బరువు, షుగరు, మద్యం విషయంలో ఇతరులకంటే ఎక్కువ జాగ్రత్త పడాలని అర్థం చేసుకోవాలి. మద్యం పూర్తిగా మానేయడం అన్నింటికంటే మేలు చేస్తుంది.

“90 శాతం ఖచ్చితత్వం” అని పేపర్లో చదివాము. అయితే అందరూ చేయించుకోవచ్చు కదా?

ఈ ప్రశ్నకు జవాబు లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. ఊహాజనితంగా ఒక పరీక్ష, క్యాన్సర్ ఉన్న 100 మందిలో 80 మందిని పట్టుకుంటుందనీ, లేని 100 మందిలో 90 మందికి సరిగ్గా లేదనే చెబుతుందనీ అనుకుందాం. సిర్రోసిస్ ఉన్న 1,000 మందిలో 15 మందికి ప్రస్తుతం కణితి ఉందనుకుంటే, వారిలో 12 మందికి పాజిటివ్ వస్తుంది, ముగ్గురు తప్పిపోతారు. కణితి లేని 985 మందిలోనూ దాదాపు 98 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 110 మందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నది 12 మందికే. ముప్పు ఎక్కువగా ఉన్న వర్గం కాబట్టి మిగిలినవారికి ఒక సీటీ స్కాన్ అదనంగా చేసి తేల్చడం సమర్థనీయమే. ఇదే పరీక్షను ఏ జబ్బూ లేని లక్ష మందికి చేసి, వారిలో 10 మందికి కణితి ఉందనుకోండి: 8 మంది దొరుకుతారు, సుమారు 10,000 మంది ఏ జబ్బూ లేకుండానే క్యాన్సర్ భయంతో స్కానింగ్ సెంటర్ల ముందు నిలబడతారు. అందువల్లనే ఈ పరీక్షలు ఆరోగ్యవంతులందరికీ ఉద్దేశించినవి కావు. పూర్తి ఆరోగ్య తనిఖీ ప్యాకేజీల్లో వీటిని చేర్చి అందరికీ అమ్మడాన్ని నేను సమర్థించలేను.

ఖచ్చితత్వం అన్న సంఖ్యను చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఆ అధ్యయనంలో ఎవరిని ఎవరితో పోల్చారు? పెద్ద గడ్డలున్న రోగుల రక్తాన్ని ఆరోగ్యవంతులైన యువకుల రక్తంతో పోలిస్తే ఏ పరీక్షకైనా గొప్ప ఫలితం వస్తుంది. సిర్రోసిస్ ఉన్నవారిలోనే, రెండు సెంటీమీటర్ల గడ్డ ఉన్నవారిని లేనివారి నుంచి వేరు చేయగలిగిందా అన్నదే అసలైన పరీక్ష. ఆ తర్వాత ఇంకో మెట్టు ఉంది: అలా గుర్తించడం వల్ల మరణాలు తగ్గాయా? అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ విషయంలో షాంఘై అధ్యయనం ఇచ్చినటువంటి ఆధారాన్ని రక్తంలోని డీఎన్‌ఏ పరీక్షలు ఇంకా సంపాదించుకోవలసి ఉంది.

విశాఖపట్నంలో నమూనా ఇవ్వవలసి వస్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ముందుగా కాలేయ నిపుణుడి సలహా ఉండాలి. కింగ్ జార్జి ఆసుపత్రిలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీ, రామ్‌నగర్, మహారాణిపేట ప్రాంతాల్లో ప్రైవేటు నిపుణులు ఉన్నారు.

నమూనా విషయంలో సాంకేతికంగా ఒక ముఖ్యమైన మెలిక ఉంది. ఊదారంగు మూత ఉన్న మామూలు ఈడీటీఏ గొట్టంలో రక్తం తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మాను వేరుచేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ ప్లాస్మాలోకి చేరుతుంది, అసలే కొద్దిగా ఉన్న కణితి ముక్కలు అందులో మునిగిపోతాయి. విశాఖ నుంచి వేరే నగరంలోని ల్యాబుకు నమూనా పంపేటప్పుడు, వేసవిలో ఉక్కపోతలో పెట్టె ఎక్కడో గంటల తరబడి ఉండిపోతే ఫలితం మీద నమ్మకం ఉంచలేము. కణాలు పగలకుండా నిలిపి ఉంచే రసాయనం కలిపిన ప్రత్యేక గొట్టాలు ఉంటాయి, వాటిలో తీస్తే కొన్ని రోజుల వరకు ఇబ్బంది ఉండదు. వాటిని ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. రక్తం తీయగానే గొట్టాన్ని మెల్లగా పలుమార్లు తలకిందులు చేసి రసాయనం కలిసేలా చూడాలి. రక్తం తీసే చోట ఏ గొట్టం వాడుతున్నారు, ల్యాబుకు ఎప్పుడు చేరుతుంది అని అడగడానికి మొహమాటపడవద్దు.

పాజిటివ్ వస్తే తర్వాత ఏమి చేస్తారు?

రక్త పరీక్ష ఒక్కదాని ఆధారంగా ఎవరికీ క్యాన్సర్ అని నిర్ధారించరు, చికిత్స మొదలుపెట్టరు. రంగు మందు ఎక్కించి, వేర్వేరు దశల్లో చిత్రాలు తీసే సీటీ లేదా ఎంఆర్‌ఐ చేస్తారు. గడ్డ ధమని దశలో (రంగు మందు ధమనుల ద్వారా కాలేయానికి చేరే దశలో) ప్రకాశవంతంగా కనిపించి, తర్వాతి దశలో చుట్టుపక్కల కాలేయం కంటే వెలవెలబోతే, సిర్రోసిస్ ఉన్నవారిలో ముక్క తీయకుండానే క్యాన్సర్ అని నిర్ధారించవచ్చు. స్కానులో ఏమీ కనిపించకపోతే నిపుణుడు కొద్ది నెలల్లో మళ్లీ చూస్తారు.

నెగెటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండకూడదు. పై లెక్కలో తప్పిపోయిన ఆ ముగ్గురికీ నెగెటివే వచ్చింది.

ఆరు నెలల పరీక్షలు ఎవరికి అవసరం?

ఏ కారణం వల్లనైనా సిర్రోసిస్ ఉన్నవారికి అవసరం. హెపటైటిస్ బి ఉన్న ఆసియా దేశాల పురుషులు 40 ఏళ్లు, స్త్రీలు 50 ఏళ్లు దాటాక సిర్రోసిస్ లేకపోయినా చేయించుకోవాలి. హెపటైటిస్ సి ఇప్పుడు చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది, కానీ అప్పటికే సిర్రోసిస్ వచ్చినవారు వైరస్ పోయిన తర్వాత కూడా స్కానింగులు కొనసాగించాలి. హెపటైటిస్ బికి వాడే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు. వైరస్ డీఎన్‌ఏ కాలేయ కణాల కేంద్రకంలో మిగిలే ఉంటుంది. షుగరు, స్థూలకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో కొందరికి సిర్రోసిస్ లేకుండానే క్యాన్సర్ వస్తోంది. వారిలో ఎవరిని క్రమం తప్పకుండా పరీక్షించాలో తేల్చడంలోనే జన్యు సూచికలు రేపు ఎక్కువగా ఉపయోగపడవచ్చు.

కామెర్లు వచ్చినప్పుడు పసరు మందు తాగితే తగ్గిపోయింది. ఇంకా పరీక్షలు ఎందుకు?

కళ్ల పసుపు తగ్గడం వేరు, వైరస్ పోవడం వేరు. చాలా కామెర్లు ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి, ఆ ఘనత పసరుకు దక్కుతుంది. వచ్చినది హెపటైటిస్ బి అయితే కొందరిలో అది లోపల నిశ్శబ్దంగా కొనసాగుతుంది. కొన్ని మూలికలు కాలేయాన్ని మరింత దెబ్బతీసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఎప్పుడైనా కామెర్లు వచ్చి ఉంటే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్త పరీక్ష ఒక్కసారైనా చేయించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు.

పిల్లలకు టీకా వేయిస్తే ఈ క్యాన్సర్ రాదా?

హెపటైటిస్ బి వల్ల వచ్చే ముప్పు చాలావరకు తప్పుతుంది. 1984లో పుట్టిన బిడ్డలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టిన తైవాన్‌లో పిల్లల కాలేయ క్యాన్సర్లు స్పష్టంగా తగ్గాయి. మన దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన తొలి హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చినది తెలుగువాడైన వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ అన్న సంగతిని ఇక్కడ గర్వంగా గుర్తుచేసుకోవచ్చు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు పడాలి. తల్లికి హెపటైటిస్ బి ఉంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే, ముందే తయారైన ప్రతిరక్షకాలు) ఇంజెక్షన్ కూడా అవసరం కాబట్టి, కాన్పుకు చాలా ముందే ఆ విషయం ఆసుపత్రిలో చెప్పాలి.

ఖర్చు ఏ పథకం కింద వస్తుంది?

అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలకు సాయం అందుతుంది. రక్తంలోని డీఎన్‌ఏ పరీక్షలకు కూడా అది వర్తిస్తుందని ముందే అనుకోవద్దు. ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో అడిగి తెలుసుకున్న తర్వాతే నమూనా ఇవ్వండి. ఒకే పరీక్షకు మాత్రమే డబ్బు ఉన్న ఇంట్లో ఆ డబ్బును అల్ట్రాసౌండ్‌కూ, ఏఎఫ్‌పీకీ ఖర్చు పెట్టమని చెబుతాను.

జన్యు పరీక్షకు రక్తం ఇచ్చాము. ఫలితం వచ్చేవరకు స్కానింగ్ వాయిదా వేయవచ్చా?

వద్దు. స్కానింగ్ తేదీ ఎప్పుడు ఉంటే అప్పుడే చేయించండి. పాత స్కానింగ్ రిపోర్టులు, ఫిల్ములు, ఏఎఫ్‌పీ విలువలు తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టుకుని ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి. ఏఎఫ్‌పీ ఒక్క రోజు ఎంత ఉందన్నదానికంటే, రెండు మూడు విడతలుగా అది పెరుగుతూ వస్తోందా అన్నది డాక్టరుగారికి ఎక్కువ చెబుతుంది. అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటినా, స్కానింగ్‌లో సెంటీమీటరుకు మించిన గడ్డ కొత్తగా కనిపించినా సీటీ లేదా ఎంఆర్‌ఐ ఆలస్యం చేయకూడదు. సెంటీమీటరు లోపు గడ్డ అయితే సాధారణంగా మూడు నెలల తర్వాత మళ్లీ అల్ట్రాసౌండ్ చేస్తారు.